నల్లా పాట

ఖుర్షీద్ గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురే. కరీంనగర్ కార్ఖానాగడ్డలో ఆమె తండ్రి జబ్బార్‌కు మైక్‌సెట్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకు, మీటింగులకు హారన్లు కట్టడం ఆయన పని. టాకీసులో సినిమా మారిన రోజు రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పేది కూడా ఆయనే. రిక్షాలో కూర్చుని చాటింపు చెప్పే మనిషి ఒకసారి జ్వరంతో మంచం పట్టాడు. అప్పుడు పదో తరగతి చదువుతున్న ఖుర్షీద్ "నేను చెప్తా అబ్బా" అంటూ ఎక్కి కూర్చుంది. అప్పటి నుంచి అది ఆమె పనే అయిపోయింది. కొత్త సినిమా వచ్చినా, పిల్లవాడు తప్పిపోయినా, రేషన్ దుకాణంలో కందిపప్పు దిగినా ఊరికి ఆమె గొంతే చెప్పేది. తియ్యటి గొంతు కాదది. తలుపు దబదబా బాదినట్టు ఉండేది. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి వినేవాళ్ళు.

అట్లా బయటికి వచ్చి విన్నవాళ్ళలో జైపాల్‌రావు ఒకడు. హుస్నాబాద్ దగ్గరి దొరల ఇంటి పిల్లవాడు. హైదరాబాద్‌లో చదువు మధ్యలో మానేసి, ఒక గిటారు, ఒక సంచినిండా టేపులు పట్టుకుని, కరీంనగర్‌లో మేనమామ కొండల్‌రావు ఇంట్లో దిగాడు. 1987లో స్నేహితుల కాలేజీ ఫంక్షన్‌కు మైకు కావాలని జబ్బార్ దుకాణానికి వచ్చాడు గానీ, మైకు సంగతి మర్చిపోయి ఖుర్షీద్‌ను అడిగాడు.

"పొద్దుగాల రిక్షాల ఒర్లింది నువ్వేనా? నీకు పాటొస్తదా?"

"రాదు. బడిల ప్రార్థన గూడ పాడనియ్యలే నన్ను. ఒర్లుతున్నవని పక్కకు నిలబెట్టిండ్రు."

"నాకు ఒర్లుడే కావాలె" అన్నాడు జైపాల్.

మర్నాడు టేపు తెచ్చి దుకాణంలోనే వినిపించాడు. ఎవరో పరాయిదేశపు ఆడమనిషి. గిటారు గరగరమంటుంటే ఆమె పాడుతున్నట్టు లేదు, నట్టింట్లో నిలబడి ఎవరితోనో కొట్లాడుతున్నట్టు ఉంది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా ఖుర్షీద్ కదలకుండా చివరిదాకా విన్నది.

"ఈమెను ఎవలేమన్నరు? గంత కోపమెందుకొచ్చింది?"

"దీన్ని పంక్ అంటరు. రాగం రానోళ్ళు, కోపం ఆగనోళ్ళు పాడుకునే పాట."

పక్కన డ్రమ్ము తోలు బిగించుకుంటున్న సిద్దిరాములు తలెత్తాడు. పెళ్ళి బ్యాండులో డ్రమ్ము కొట్టే మనిషి. జబ్బార్ మైకు ఎక్కడ కడితే అక్కడ అతని డ్రమ్ము ఉండేది. ఖుర్షీద్‌ను ఎత్తుకుని ఆడించినవాడు.

"పంకనా చిన్నదొరా? తిరిగే పంకనా?"

ముగ్గురూ పడిపడి నవ్వారు. వాళ్ళ బృందానికి పేరు ఆరోజే కుదిరింది. పంకా పార్టీ.

దుకాణం వెనక గదిలో, విరిగిన హారన్ల మధ్య మధ్యాహ్నాలు ప్రాక్టీసు చేసేవాళ్ళు. సిద్దిరాములు ఎంత చెప్పినా జైపాల్‌ను చిన్నదొర అనడం మానలేదు. ఖుర్షీద్ మాత్రం మొదటి వారంలోనే భాయ్ అనడం మొదలుపెట్టింది. ఎవరింట్లో కరెంటు పోయిందో, ఏ బస్సు ఆగకుండా పోయిందో, అదే ఆమె పాట. తోచిన మాట తోచినట్టు అనేసి జైపాల్ మొహం చూసేది. ఇంతకుముందు ఏ పనికీ ఎవరినీ బాగుందా అని అడిగిన పిల్ల కాదు.

"ఇది మంచిగున్నదా భాయ్?"

"ఒక్క అక్షరం గూడ మార్చకు. మారిస్తే చస్తది" అనేవాడతను. ఆ మాట ఆమెకు అన్నం కంటే ఎక్కువ కడుపు నింపేది.

ఊరి పక్కనే మానేరు డ్యాము నిండుగా ఉండేది. కార్ఖానాగడ్డలో మాత్రం నల్లా తిప్పితే గాలి వచ్చేది. కొళాయిని అక్కడ నల్లా అంటారు. గల్లీలో ఉన్న ఒక్క నల్లా దగ్గర ఆడవాళ్ళు తెల్లారకముందే బిందెలు వరసపెట్టేవాళ్ళు. నల్లా ముందు బుస్సుమనేది, తర్వాత దగ్గేది, తర్వాత రెండు చుక్కలు రాల్చి ఊరుకునేది. పైపులు వేసిన కాంట్రాక్టర్ జైపాల్ మేనమామ కొండల్‌రావే. ఆయన ఇంటి వెనక జామతోటకు మాత్రం పైపు నిండా నీళ్ళు పారేవి. ఒకరోజు వరసలో తన ముందున్న కమలవ్వ ఖాళీ బిందెతో నల్లాను టంగుమని కొట్టి తిట్టింది. ఖుర్షీద్ ఆ తిట్టు వరసనే పట్టుకుని ఇంటికి వచ్చింది. సాయంత్రానికి పాట తయారయింది.

*నల్లా నల్లా రావేమే నల్లా*
*బుస్సున లేస్తవు, తుస్సున పోతవు*
*దొర తోటల్ల తొండమెత్తి ఆడవడ్తివి*
*మా గల్లీల గొంతెండి దగ్గవడ్తివి*

ప్రతి చరణం చివరా ఆమె మైకు దగ్గరికి వెళ్ళి పళ్ళ మధ్య నుంచి "స్స్స్" అని బుసకొట్టేది. ఆ వెంటనే సిద్దిరాములు డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. నీళ్ళు రాని నల్లా కళ్ళకు కట్టేది.

దొర తోట అనే మాట దగ్గర ఆమె కొంచెం ఆగింది.

"భాయ్, గిది మీ మామకు తగుల్తది."

జైపాల్ నవ్వాడు. "తగలనీ. ఆయన అడిగితే నేను చెప్త. నువ్వు పాడు."

ఆ ఏడాది కాలేజీ పోటీలకు హైదరాబాద్ టీవీ నుంచి సరళాదేవి అనే ఆమె న్యాయనిర్ణేతగా వచ్చింది. యువకుల కార్యక్రమాలు చూసేది ఆమే. బయటివాళ్ళను కూడా పాడనిచ్చిన ఆ పోటీల్లో పంకా పార్టీకి బహుమతి రాలేదు. కానీ పోయేముందు ఆమె ఖుర్షీద్‌ను దగ్గరికి పిలిచి, "ఇట్లా పాడే అమ్మాయిని నేను ఇంతవరకు చూడలేదు. హైదరాబాద్ వచ్చి పాడతావా?" అని అడిగింది.

జబ్బార్ వెంట వచ్చాడు. స్టూడియోలో ఖుర్షీద్ సల్వారు మీద తండ్రి చొక్కా వేసుకుని నిలబడింది. టైఫాయిడ్‌కు కత్తిరించిన జుట్టు ఇంకా చెవులు దాటలేదు. దీపాల వేడికి చెమట కారుతుంటే, కెమెరా పక్కనున్న మనిషి కొంచెం నవ్వమ్మా అన్నాడు.

"నల్లా రాకుంటె ఎవలన్న నవ్వుతరా సార్?" అన్నది.

అద్దం వెనక సరళాదేవి నవ్వడం అందరికీ వినబడింది. పాటా బొమ్మా అక్కడికక్కడే ఒక్కసారే తీశారు.

ఆ పాట టీవీలో వచ్చిన సాయంత్రం జబ్బార్ దుకాణం ముందు బల్ల వేసి, టీవీ పెట్టి, దానికి రెండు హారన్లు కట్టాడు. గల్లీ నిండిపోయింది. నలుపు తెలుపు తెర మీద ఖుర్షీద్ మొహం కనబడగానే పిల్లలు కేకలు పెట్టారు. ఆమె బుసకొట్టినప్పుడు మాత్రం ఒక్కసారి అందరూ ఊరుకున్నారు. రోజూ వినే చప్పుడే, టీవీలోంచి వచ్చింది. తర్వాత కమలవ్వ, "అగో, మన నల్లానే!" అని అరిచింది. ఇక ఆ గోల ఆగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో అదే ఆట. పైపుల పని చూసుకోవడానికి కొండల్‌రావు జీపు గల్లీలోంచి పోతుంటే ఆడవాళ్ళు బిందెల చాటు నుంచి "స్స్స్" అనేవాళ్ళు. ఆయన దిగి చూస్తే ఒక్కరి మూతీ కదిలేది కాదు. మొహల్లా పెద్దలు ఇద్దరు జబ్బార్ దగ్గరికి వచ్చి, బేటీని టీవీలో ఆడిస్తావా అని నిలదీశారు.

"ఆడుతలేదు, అడుగుతుంది. మీరు నేను అడగలేంది అడుగుతుంది" అన్నాడు జబ్బార్. వాళ్ళు చాయ్ తాగకుండా వెళ్ళిపోయారు.

రెండోసారి టీవీలో బస్సు మీద పాట పాడింది. అదీ నచ్చింది గానీ, జనం నల్లా పాటే మళ్ళీ వెయ్యమని టీవీ వాళ్ళకు కార్డులు రాశారు. ఉగాది ప్రత్యేక కార్యక్రమంలో పాడమని సరళాదేవి పిలిచింది. రాష్ట్రమంతా చూసే కార్యక్రమం. ఈసారి పద్ధతి వేరు. ముందు పాట రికార్డు చేస్తారు. కొన్ని రోజుల తర్వాత ఆ పాట వినిపిస్తుంటే పెదాలు కలిపి బొమ్మ తీయించుకోవాలి.

రికార్డింగు నాడు ఖుర్షీద్ తన జీవితంలోకెల్లా బాగా పాడింది. బుస దగ్గర సౌండు మనిషి హెడ్‌ఫోను తీసి చెవి రుద్దుకున్నాడు. జబ్బార్, ఖుర్షీద్, సిద్దిరాములు బస్సెక్కారు. టేపుకు కొంచెం మెరుగు పెట్టించి వస్తానని జైపాల్ హైదరాబాద్‌లోనే ఆగాడు. వారం తిరిగాక సిద్దిరాములును కూడా పిలిపించుకున్నాడు. డ్రమ్ము సరిగా పడలేదట, మళ్ళీ కొట్టాలట. ఖుర్షీద్ "నేను గూడ రావాల్నా?" అని అడిగింది. "వద్దు చెల్లె, నీది మంచిగనే వచ్చిందట" అని సిద్దిరాములు సంచి సర్దుకుంటూ చెప్పాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు. తిరిగి వచ్చాక అతను ప్రాక్టీసుకు రావడం తగ్గించాడు. పెళ్ళిళ్ళ కాలం కదా అనుకుంది ఆమె.

బొమ్మ తీసే రోజు పొద్దున్నే తండ్రితో హైదరాబాద్ చేరింది. జైపాల్, సిద్దిరాములు అప్పటికే వచ్చి ఉన్నారు. సెట్టు చూసి ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పూలు చుట్టిన ఉయ్యాల, నీలం గుడ్డతో కట్టిన యమున, ఒక మూల నెమలి పింఛాలు.

"భాయ్, మనది గిక్కడేనా? బిందెలు ఏవి?"

"వాళ్ళ సెట్టు వాళ్ళిష్టం. నువ్వు నిలబడు చాలు" అన్నాడు జైపాల్. గిటారు తీగలు సవరించుకుంటూ తలెత్తలేదు.

దీపాలు వెలిగాయి. టేపు తిరిగింది. మొదట వేణువు వినబడింది. వేరే వాళ్ళ పాట పొరపాటున పెట్టారనుకుని ఆమె నవ్వబోయింది. ఇంతలో గొంతు వచ్చింది. పాలమీగడ లాంటి సన్నటి ఆడగొంతు.

*నల్లనయ్యా రావేమయ్యా*
*పొద్దున లేస్తిని, పొన్నల చూస్తిని...*

వరస తనది. కమలవ్వ తిట్టు నుంచి తాను తీసుకున్న వరస. మెల్లగా, వంగి నడుస్తున్నట్టు పోతోంది. నల్లా పోయి నల్లనయ్య వచ్చాడు. బుస ఉండాల్సిన చోట చిరుగజ్జెలు మోగాయి. ఆ వెంట డ్రమ్ము కాదు, మృదువుగా ఒక చేతి దరువు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. సిద్దిరాములు వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

"పెదాలు కదపాలమ్మా" అని ఎవరో కేకేశారు. టేపు ఆగింది.

సరళాదేవి లోపలి నుంచి వచ్చింది. "ఏమైంది ఖుర్షీద్? నొప్పిగా ఉందా? గొంతు దెబ్బతిన్నదని, ఆరు నెలలు పాడొద్దని డాక్టర్ చెప్పాడట కదా. నువ్వే పాట మార్చమన్నావని జైపాల్ చెప్పాడు."

"నా గొంతు ఎప్పుడూ గిట్లనే ఉంటది మేడం" అన్నది ఖుర్షీద్. "నేను ఏం మార్చమనలే."

సరళాదేవి జైపాల్ వైపు తిరిగింది. అతను, "ఒక్క నిమిషం మేడం, నేను మాట్లాడుత" అని ఖుర్షీద్‌ను తెర వెనక్కి తీసుకుపోయాడు.

"జర సమజ్ చేసుకో. మామ నన్ను ఇంట్లకెళ్ళి ఎల్లగొడుతనన్నడు. బాపుకు గూడ చెప్పిండు. పాట మారిస్తే ఆయనే క్యాసెట్ తీయిస్తనన్నడు, మద్రాసుల ఎరుకైనోళ్ళున్నరు ఆయనకు. మనకు మంచిదే గదా."

"మనకా?"

"బొమ్మ నీదే ఉంటది. రాష్ట్రమంతా నిన్నే చూస్తది. గొంతు ఎవలదైతేంది?"

"ఒక్క అక్షరం మారిస్తే చస్తదన్నది నువ్వే గదా భాయ్."

జైపాల్ తెర అంచు పట్టుకుని సెట్టు వైపు చూశాడు.

"నాకెందుకు చెప్పలే? ముందుగాల చెప్తే నేను తిడుతుంటి, ఏడుస్తుంటి, అయిపోతుండె. గింత దూరం తీస్కచ్చి, మూతికి రంగేయించి, దీపాల ముందట నిలబెట్టి చెప్తవా?"

"చెప్తే నువ్వు రాకపోతుంటివి."

ఆ మాట అతను చాలా మామూలుగా అన్నాడు. ఆమెకు అన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది. కోపంలో అన్న మాట కాదు. ఎన్నో రోజులుగా ఆలోచించి పెట్టుకున్న మాట.

"నేను నిలబడ" అన్నది. "పాట ఆపెయ్యి."

జైపాల్ నుదురు రుద్దుకున్నాడు. "ఆపుడు కాదు ఖుర్షీద్. నువ్వు కాదంటే నిర్మల కూసుంటది."

నిర్మలాదేవి కొండల్‌రావు కూతురు. మేకప్ గదిలో పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని అప్పటికే సిద్ధంగా ఉంది. టేపులోని గొంతు ఆమెదే. ఖుర్షీద్ తలుపు దగ్గర నిలబడి చూస్తే లేచి నిలుచుంది.

"నువ్వే ఒప్పుకున్నవని చెప్పిండ్రు నాకు. నిజంగ" అన్నది కంగారుగా.

ఖుర్షీద్ ఆమెతో కొట్లాడలేదు. అద్దం ముందున్న గుడ్డ తీసుకుని మొహం మీది రంగు తుడుచుకుంది. సరళాదేవి మళ్ళీ వచ్చి చాలాసేపు మాట్లాడింది. కాగితాలన్నీ ఆ పాట పేరు మీదే తయారయ్యాయనీ, ఉగాదికి రోజులు లేవనీ, తనకు ఇదంతా తెలిసి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదనీ అన్నది. తెలుసుకోవడానికి ఒక్కసారి తనను అడిగి ఉండొచ్చు కదా అనుకుంది ఖుర్షీద్. కానీ పైకి అనలేదు. పంకా పార్టీ తరఫున ఎప్పుడూ మాట్లాడింది జైపాలే. మాట్లాడమన్నది తనే.

బయట బెంచీ మీద కూర్చున్న జబ్బార్ లేచాడు. "క్యా హువా బేటీ? అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది అబ్బా. పోదాం."

బస్సు సిద్దిపేట దాటాక ఆమె మొత్తం చెప్పింది. జబ్బార్ విని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సిద్దిరాములు సంగతి చెప్పినప్పుడు మాత్రం, "వాడు గూడనా?" అన్నాడు.

ఉగాది నాడు జబ్బార్ దుకాణం ముందు టీవీ పెట్టలేదు. అందరూ కమలవ్వ ఇంట్లో పోగయ్యారు. రమ్మని మనిషిని పంపితే ఖుర్షీద్ వెళ్ళి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. తెర మీద ఉయ్యాల ఊగింది. నిర్మల పాడింది. రచన, సంగీతం జైపాల్‌రావు అని అక్షరాలు వచ్చాయి.

కమలవ్వ మెల్లగా వెనక్కి తిరిగింది. "పిల్లా, గిది మన నల్లా పాటనే గదా? వాళ్ళకు ఇచ్చినవా?"

"ఇయ్యలే. గుంజుకున్నరు."

"గుంజుకుంటే ఊకున్నవా?"

ఎక్కడ నిలబడి అరవాలో, ఎవరి మీద అరవాలో ఆ స్టూడియోలో ఆమెకు తెలియలేదు. అంత పెద్ద గొంతు పెట్టుకుని, ముఖం తుడుచుకుని వచ్చేసింది. కమలవ్వకు అది చెప్పాలనుకుంది. చెప్పేలోపల ఆమె వంటింట్లోకి పోయింది.

అయినా ఆ రోజు జనం ఆమె మాట నమ్మారు. మర్నాడు జరిగిన దాని తర్వాతే నమ్మడం మానేశారు.

జబ్బార్ మైకు కట్టడానికి మెట్‌పల్లి పెళ్ళికి పోయాడు. పొద్దున పది దాటాక కొండల్‌రావు కూలీలు వచ్చి జబ్బార్ ఇంటి ముందు గుంత తవ్వడం మొదలుపెట్టారు. ఖుర్షీద్ బయటికి వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది.

"కాంట్రాక్టర్ సాబ్ పంపిండు. మీ ఇంటికి నల్లా."

"మేము అడగలే. వద్దు. ఆపుండ్రి."

"మాకేం ఎరుక? పెట్టి రమ్మన్నడు, పెడుతున్నం."

ఆమె గుంతకు అడ్డం నిలబడింది. వాళ్ళు ఆమె పక్క నుంచి పైపు తోశారు. కూలీల్లో సిద్దిరాములు తమ్ముడు ఉన్నాడు. అతను మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. కాసేపటికి నల్లా తిప్పారు. నీళ్ళు దభదభ పడ్డాయి. ఆ గల్లీలో ఎన్నడూ చూడని ధార. గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళందరూ చూశారు. మధ్యాహ్నానికి మాట ఊరంతా పాకింది. జబ్బార్ బిడ్డ పాట ఇచ్చి నల్లా తెచ్చుకున్నది.

ఖుర్షీద్‌కు అప్పుడు అర్థమైంది. పాట తీసుకుని వాళ్ళు ఊరుకోలేదు. ఇకముందు తాను ఏం పాడినా ఎవరూ వినకుండా చేశారు. ఇది ఒక్క కొండల్‌రావు బుర్రకు తట్టేది కాదు. ఆమె ఎవరి కోసం పాడుతుందో, ఎవరు మాట అంటే తట్టుకోలేదో బాగా తెలిసినవాడు పక్కనుండి చెప్పి ఉండాలి. రుజువు లేదు. ఆమెకు అక్కర్లేదు కూడా.

దుకాణం తెరిచి మైకు ఆన్ చేసింది. రెండు హారన్లు గల్లీ వైపు తిప్పింది.

"కార్ఖానాగడ్డ అక్కలకు, అమ్మలకు చెప్పేది ఏందంటే" అని ఎప్పటి చాటింపు లాగే మొదలుపెట్టింది. "మా ఇంటి ముందట నల్లా పెట్టిండ్రు. మేము అడగలే. పాట మేము ఇయ్యలే. నీళ్ళొస్తున్నయి, అందరు బిందెలు తెచ్చి పట్టుకోండ్రి. నల్లా నాది కాదు, గల్లీది."

తర్వాత నల్లా పాట మొత్తం పాడింది. డ్రమ్ము లేదు, గిటారు లేదు.

కొందరు బిందెలు తెచ్చారు. ఎండల రోజులు, పిల్లలున్న ఇళ్ళు. తలవంచుకుని పట్టుకుని పోయారు. కమలవ్వ రాలేదు. పాత నల్లా దగ్గరే, ఆ దగ్గు వింటూ, బిందె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఖుర్షీద్ దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చోబోతే, "నీకేం ఫికర్ బిడ్డా, నీ ఇంట్ల ఉన్నయి గదా" అన్నది.

సాయంత్రం జబ్బార్ వచ్చి, ఇంటి ముందు తడి చూసి ఆగాడు. కూతురు చెప్పింది విని లోపలికి పోయి పానా తెచ్చాడు.

"ఏం చెయ్యమంటవ్?"

"ఊడబీకు అబ్బా."

అందరూ చూస్తుండగా నల్లా ఊడదీసి, పైపు మూతికి కర్ర ముక్క బిగించాడు. దాన్ని కూడా జనం రెండు తీర్ల చెప్పుకున్నారు. ఇంత రోషం ఉన్నవాళ్ళు అమ్ముకోరని కొందరు అన్నారు. పట్టుబడ్డాక నాటకం ఆడుతున్నారని ఇంకొందరు. నీళ్ళు పోయాయని అందరికీ కోపం వచ్చింది.

సిద్దిరాములు ఆ వారంలో వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు.

"మా తమ్ముడు కొండల్‌రావు దగ్గర పని చేస్తడు చెల్లె. కొట్టకపోతే తీసేస్తమన్నరు. చిన్నదొర ఒట్టు పెట్టిచ్చుకున్నడు. తిట్టు నన్ను."

ఖుర్షీద్ తిట్టలేదు. వైర్లు చుట్టుకుంటూ, "తమ్ముని కోసం చేసినవ్, సమజైంది. కని నాతోని బస్సుల కూసోని వచ్చినవ్ గద అన్నా, రికార్డింగు నాడు. మీగడ బన్ను తిన్నం ఇద్దరం. అది యాదికొస్తుంది" అన్నది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నెల తిరగకముందే ఆమెను రిక్షాలో పిలిచేవాళ్ళు తగ్గారు. ఆమె గొంతు వినబడితే పిల్లలు "నల్లనయ్యా" అని వెక్కిరించేవాళ్ళు. సరళాదేవి ఒకసారి కబురు పంపింది, ఇంకో పాట పాడమని. కొత్త పాట కట్టడానికి కూర్చుంటే మొదటి మాట దగ్గరే, ఇది బాగుందా అని అడగాలనిపించేది. అడిగే మనిషి గుర్తొచ్చేవాడు. మాట అక్కడే ఆగిపోయేది. ఆమె హైదరాబాద్ పోలేదు. ఆ ఏడాది చివర భైంసాలో ఉన్న పెద్దమ్మ గౌహర్ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడి పత్తి మార్కెట్‌లో మైకు పట్టుకుని బండ్ల వరస పిలిచే పని దొరికింది. తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. ఆ బొంగురు గొంతు యార్డు చివరి బండి దాకా పోయేది. తండ్రి నెలకోసారి వచ్చి చూసి పోయేవాడు. మొహల్లాలో కొత్త పైపులు పడ్డాయని ఒకసారి చెప్పాడు. ఎవరు అడిగితే పడ్డాయని ఆమె అడగలేదు.

1993లో, పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం జైపాల్‌రావు యార్డుకు వచ్చాడు. జుట్టు పలచబడింది. మద్రాసు పని ఏదీ కుదరలేదని, హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రా నడుపుతున్నాడని అప్పటికే ఆమె విని ఉంది. మేడ మీద మైకు గది గుమ్మంలో నిలబడి, "ఖుర్షీద్" అని పిలిచాడు.

ఆమె మైకు ఆపింది. కుర్చీ జరిపింది. "కూర్చోండి సార్. చాయ్ చెప్పనా?"

అతను కూర్చోలేదు. "సార్ ఏంది? భాయ్ అనేటిదానివి."

"ఎరుక లేనోళ్ళను గట్లనే అంటం. చెప్పండి, ఏం పని మీద వచ్చిండ్రు?"

అతను తడబడి, చివరికి చెప్పాడు. ఇప్పుడు కొత్త ఛానెళ్ళు వస్తున్నాయి. మోటు గొంతులే అడుగుతున్నారు. నల్లా పాట, పాత మాటలతోనే, ఆమె గొంతుతోనే తీద్దాం. మామ ఇప్పుడు ఏమీ అనడు. ఈసారి ఒక్క అక్షరం మార్చను.

"నేను చేసింది తప్పే. గప్పుడు చిన్నోణ్ణి, భయపడ్డ. నీకు కోపం పోలేదా ఇంక?"

"పోలేదు" అన్నది ఖుర్షీద్. "పోయిందని మీకెవలు చెప్పిండ్రు?"

"ఐదేండ్లాయె గదా."

"మా ఇంటి ముందట నల్లా పెట్టియ్యమన్నది మీరేనా సార్?"

అతను తల తిప్పుకుని యార్డులోకి చూశాడు. తెల్లటి పత్తి దుమ్ములో ఎద్దులు నిలబడి ఉన్నాయి. కాదని మాత్రం అనలేదు. ఇన్నేళ్ళూ రుజువు అక్కర్లేదనుకుంది. ఏమో, కాదేమో అని తనలో ఒక మూల ఇంతకాలం ఉన్నదని అప్పుడే తెలిసింది ఆమెకు.

"పోండి సార్. బండ్లు ఆగినయి" అన్నది.

జైపాల్ మెట్లు దిగి, బండ్ల మధ్య నుంచి గేటు వైపు నడిచాడు. ఆమె మైకు మీట నొక్కబోయి ఆగింది. కింద నుంచి రైతులు ఏమైందని మరాఠీలో కేకలు పెడుతున్నారు. చెంబెత్తి నీళ్ళు తాగి, చున్నీతో మొహం ఒత్తుకుని, గొంతు సవరించుకుని తర్వాతి బండి రైతు పేరు పిలిచింది.